డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు ఎక్కడిదాకా మామూలు? పక్కన ఎవరు ఉండాలి?

మెహదీపట్నం_అక్క

అందరికీ నమస్కారం. ఇది ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. ఆస్పత్రి పేరు రాయను, దయచేసి అడగొద్దు.

మా చెల్లికి ఇరవై రెండేళ్లు. కడుపులో కుడివైపు నొప్పి అంటే అమ్మ దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లింది. డాక్టర్ పెద్దాయన, మా ఏరియాలో మంచి పేరుంది. "మీరు బయట కూర్చోండమ్మా" అని అమ్మను పంపించేశారు. గదిలో నర్సు లేదు. బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూశారు, అక్కడిదాకా సరే. తర్వాత ఒక్క మాట చెప్పకుండా కుర్తా పైకి జరిపి, లోపల చెయ్యి పెట్టి, ఛాతీ రెండు వైపులా నొక్కి చూశారట. ఎందుకని అడగడానికి దానికి నోరు పెగల్లేదు. ఇంటికొచ్చాక మామూలుగానే ఉంది. రాత్రి నా పక్కన పడుకుని ఏడ్చింది. "అక్కా, అది పరీక్షేనా?" అంది.

అమ్మేమో "డాక్టర్ల గురించి అలా అనుకోకూడదు, అంత పెద్దాయన" అంటోంది. నాకు గొడవ చేయాలని లేదు. అది పరీక్షో కాదో తెలుసుకోవాలి. డాక్టర్లు, నర్సులు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోనసీమ_పీహెచ్‌సీ

అమ్మా, నేను ప్రభుత్వ డాక్టర్ని, మగవాణ్ని. ఆ గదిలో నేను లేను కాబట్టి ఆయన ఉద్దేశం గురించి మాట్లాడను. కుడివైపు కడుపునొప్పి అంటే మేం ఏం చూస్తామో చెబుతాను.

వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడవమంటాం, అప్పుడు పొట్ట కండరాలు వదులవుతాయి. పక్కటెముకల కింద నుంచి గజ్జల దాకా పొట్ట కనబడాలి. నొప్పి లేని చోట ముందు చెయ్యి వేసి, నొప్పి ఉన్న చోటికి ఆఖర్న వస్తాం. అపెండిక్స్ అనుమానం ఉంటే బొడ్డుకీ కుడి తుంటి ఎముకకీ మధ్య నొక్కి చూస్తాం. దగ్గమని చెప్పి గజ్జల్లో హెర్నియా ఉందేమో చూస్తాం. ఊపిరితిత్తుల అడుగున నిమ్ము చేరినా నొప్పి పొట్టలో తెలియవచ్చు, అందుకని వీపు మీదా పక్కల్లోనూ స్టెతస్కోప్ పెట్టి వింటాం. ఇవన్నీ మామూలే.

రొమ్ముల పరీక్ష ఇందులో లేదు. గడ్డ తగులుతోందనో, నొప్పి అనో, చీమో నీరో వస్తోందనో పేషెంట్ చెబితే చేసే పరీక్ష అది. అప్పుడు కూడా ఎందుకు చూడాలో చెప్పి, చూడనా అని అడిగి, సిస్టర్‌ని పిలిచాకే. ఆయన దగ్గర ఏదైనా కారణం ఉందే అనుకుందాం. ఆ కారణం మీ చెల్లికి చెప్పి తీరాలి. చెప్పలేదు, అడగలేదు, తోడు ఎవరూ లేరు, తల్లిని బయటికి పంపారు. ఈ నాలుగూ ఒక్కచోట కలిశాయి కాబట్టి మీ చెల్లికి వచ్చిన అనుమానం న్యాయమైనదే. ముందు ఆ మాట ఆమెకు చెప్పండి.

సర్జరీ_పీజీ

ఒక వైపు మాట విని ఆయన్ని దోషిని చేయకండి. చంకల్లో, మెడలో గ్రంథులు చూడాల్సిన సందర్భాలు ఉంటాయి, చెయ్యి ఎక్కడ పెట్టారో పేషెంట్‌కి సరిగ్గా గుర్తుండకపోవచ్చు. నేను బాధతోనే రాస్తున్నాను. ఇలాంటి భయాల వల్ల మగ డాక్టర్లు ఆడ పేషెంట్లను అసలు ముట్టుకోవడం మానేస్తున్నారు. మా సర్జరీ వార్డుకి రొమ్ములో గడ్డ ముదిరి పుండయ్యాక వచ్చే ఆడవాళ్లను చూస్తున్నాం. "ఊళ్లో డాక్టర్‌కి చెప్పాను, చూడకుండానే గోళీలు ఇచ్చాడు" అంటారు. ఆ డాక్టర్ చెయ్యి వేసి చూసి ఉంటే ఆమెకు ఎన్నో నెలలు కలిసొచ్చేవి. ముట్టుకోవడం నేరమైపోతే నష్టపోయేది పేషెంటే.

ఖమ్మం_సిస్టర్

సర్జరీ పీజీ గారు, మీరు చెప్పిన నష్టం నిజమే, నేనూ చూశాను. కానీ దానికి పరిష్కారం గది బయటే ఉంటుంది. తలుపు తీసి "సిస్టర్, ఒకసారి రండి" అనడమే.

నేను స్టాఫ్ నర్సుని. ప్రైవేటులో చేశాను, ఇప్పుడు గవర్నమెంటులో ఉన్నాను. తోడు నిలబడటం అంటే ఏంటో ఎవరూ మాకు సరిగ్గా నేర్పరు. చాలాచోట్ల డాక్టర్ గారి వెనక గోడకి ఆనుకుని నిలబడతారు, లేదా ఆ పది నిమిషాల్లో రిజిస్టర్ రాసుకుంటారు. అది తోడు కాదు. నేను పేషెంట్ తల వైపు నిలబడతాను, ఆమెకి నా ముఖం కనబడాలి, నాకు డాక్టర్ చేతులు కనబడాలి. బల్ల ఎక్కకముందే "ఇప్పుడు సార్ పొట్ట చూస్తారు, తర్వాత కింద చూస్తారు, నొప్పి అనిపిస్తే నా చెయ్యి నొక్కు, ఆపమంటే ఆపుతారు" అని చెబుతాను. దుప్పటి నేనే కప్పుతాను, ఎంత చూడాలో అంతే తీస్తాను. బట్టలు విప్పేటప్పుడు పరదా లాగి డాక్టర్ గారిని అవతల ఉండమంటాను. మంచి డాక్టర్లెవరూ దీనికి ఏమీ అనుకోరు.

కష్టం ఎక్కడంటే, చిన్న క్లినిక్కుల్లో తోడు ఉండేది సిస్టర్ కాదు, ఆయమ్మ. ఆమెకి పరీక్ష గురించి తెలియదు, జీతం ఇచ్చేది ఆ డాక్టరే. సరిగ్గా పరీక్ష టైముకి "ఆ ఫైలు తీసుకురా" అంటే ఆమె వెళ్లాల్సిందే. నన్ను కూడా పంపిన రోజులున్నాయి. నేను "పరీక్ష అయ్యాక తెస్తాను సార్" అంటాను. అలా అనగలగాలంటే వెనక ఆస్పత్రి నియమం ఉండాలి. ఉద్యోగం పోతుందనే భయంతో ఉన్న మనిషిని సాక్షిగా నిలబెట్టి లాభం లేదు.

మోడరేటర్

ఆస్పత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. మిగతా చర్చ కొనసాగించండి.

గుంటూరు_మిర్చి

మోడరేటర్ గారికి థాంక్స్. ఒక మాట. మా నాన్నమ్మ ఏ డాక్టర్ దగ్గర నుంచి వచ్చినా మొదట చెప్పేది "చెయ్యి పట్టుకుని చూశాడా లేదా" అనే. కంప్యూటర్ చూస్తూ మందులు రాసేస్తే "కనీసం గొట్టం పెట్టి కూడా చూడలేదు, వాడేం డాక్టరు" అని వేరే ఆస్పత్రికి వెళ్తుంది. ఐసీయూలో తాతయ్య ఉన్నప్పుడు ఒక జూనియర్ డాక్టర్ రోజూ వచ్చి ఆయన అరచెయ్యి పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడేవాడు. ఆ అబ్బాయిని మా ఇంట్లో అందరూ ఇప్పటికీ తలుచుకుంటారు. ఇది కూడా ముట్టుకోవడమే కదా. అన్నిటినీ ఒకే గాటన కట్టేయొద్దని నా మనవి.

కోనసీమ_పీహెచ్‌సీ

ఎవరూ కట్టడం లేదండి, మీ తాతగారి దగ్గర ఆ కుర్రాడు చేసింది వైద్యంలో భాగమే. స్టెతస్కోప్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలని ఉంది. అది పుట్టిందే ఈ మొహమాటంలోంచి. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టర్ దగ్గరికి గుండె జబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పట్లో గుండె వినాలంటే డాక్టర్ తన చెవిని నేరుగా రోగి ఛాతీకి ఆనించేవాడు. ఆమె వయసు, ఆడమనిషి కావడం వల్ల అలా చేయడం తగదనుకున్నాడు. కాగితాలను గట్టిగా గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీ మీద పెట్టి, రెండో కొస దగ్గర చెవి పెట్టాడు. చెవి ఆనించి విన్నదానికంటే చప్పుడు స్పష్టంగా వినబడింది. దూరం పాటించడం వల్ల వైద్యం మెరుగుపడింది. మా మెడలో వేలాడే వస్తువు చరిత్ర ఇది. మెడికల్ కాలేజీలో మొదటి రోజే ఇది చెప్పాలని నా కోరిక.

తెనాలి_మాస్టారు

అందరూ ఆడపిల్లల గురించే మాట్లాడుతున్నారు, అది అవసరమే. మగవాళ్ల సంగతి కూడా ఒక్క మాట. నేను రిటైర్డ్ టీచర్ని. ప్రోస్టేట్ సమస్యతో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాను. వెనకనుంచి వేలు పెట్టి పరీక్ష చేశారు, అది అవసరమని నాకు తెలుసు. తలుపు తెరిచే ఉంది. పరదా లేదు. పది మంది విద్యార్థులు చుట్టూ నిలబడ్డారు, ఒక్కరూ నన్ను అడగలేదు. మూత్రానికి గొట్టం వేసేటప్పుడు వార్డులో అందరూ చూస్తుండగానే లుంగీ తీసేశారు. ఇబ్బందిగా ఉందంటే "మగాడివి, నీకేంటి సిగ్గు పెద్దాయనా" అన్నారు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషిని ఆ రోజు పసివాడిలా ఏడిచాను.

మగపిల్లలకి హెర్నియా, వృషణాలు చూసేటప్పుడు కూడా ఇలాగే చేస్తారు. పది పన్నెండేళ్ల కుర్రాడికి సిగ్గు లేదని ఎవరు చెప్పారు వీళ్లకి?

ఖమ్మం_సిస్టర్

మాస్టారూ, చదివి చాలా బాధేసింది. వార్డులో కదిలే పరదాలు ఉంటాయి, మూలన దుమ్ము పట్టి పడి ఉంటాయి. లాక్కొచ్చి పెట్టడానికి ఒక్క నిమిషం పట్టదు. మగ పేషెంట్‌కి కూడా తోడు కావాలా అని అడగాలి, ఎవరు ఉండాలో ఆయన్నే చెప్పమనాలి.

ఈసీజీ_టెక్నీషియన్

నేను డయాగ్నస్టిక్ సెంటర్లో ఈసీజీ తీస్తాను, మగవాణ్ని. ఎక్కువ ఇబ్బంది మా దగ్గరే వస్తుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఛాతీకి ఆరు లీడ్లు, అంటే మెషీన్ వైర్ల కొసలు, పెట్టాలి. మొదటి రెండు ఛాతీ ఎముకకి అటూ ఇటూ, నాలుగోది ఎడమ రొమ్ము కిందికి, మూడోది రెండోదానికీ నాలుగోదానికీ మధ్య, ఆఖరి రెండు చంక వైపు. తప్పు చోట పెడితే రిపోర్టు తప్పు వస్తుంది, గుండెపోటు లేకపోయినా ఉన్నట్టు, ఉన్నా లేనట్టు కనబడొచ్చు. అందుకని లోపలి బట్టలు తీయాల్సి వస్తుంది. ఇది ముందే చెప్పకుండా "జాకెట్ తీయమ్మా" అంటే ఎవరైనా హడలిపోతారు.

నేను చేసే పద్ధతి రాస్తాను, మిగతా టెక్నీషియన్లకి పనికొస్తుందని. మా సెంటర్లో లేడీ టెక్నీషియన్ ఉన్నప్పుడు ఆడవాళ్లని ఆమెకే పంపుతాను. ఆమె లేకపోతే, రేపు రాగలరా, లేక మీవాళ్లని లోపల ఉంచి నేను తీయనా అని పేషెంట్‌నే అడుగుతాను. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లని ఆపకూడదు కాబట్టి అప్పుడు వెంటనే తీస్తాను. ముందుకు తెరుచుకునే గౌను గానీ, చున్నీ గానీ కప్పుకోమని నేను బయటికి వెళ్తాను. లోపలికొచ్చాక ఎక్కడెక్కడ పెడతానో నా ఛాతీ మీదే చూపిస్తాను. చున్నీ అంచు కొంచెం జరిపి లీడ్ పెట్టి మళ్లీ కప్పేస్తాను. రొమ్ము పైకి జరపాల్సి వస్తే ఆమెనే జరుపుకోమంటాను, లేకపోతే చేతి వెనక భాగంతో జరుపుతాను, అరచేత్తో ఎప్పుడూ కాదు. రోజుకి ఎంతమంది వచ్చినా ఇదే పద్ధతి. ఎక్కువ టైమేం పట్టదు.

మెహదీపట్నం_అక్క

ఈసీజీ అన్నా, మీరు రాసింది చెల్లికి చదివి వినిపించాను. "ఇలా చెప్పి చేసుంటే నాకు భయం వేసేది కాదు" అంది. థాంక్స్ అన్నా.

రెండో_కాన్పు

నేను మొదటి కాన్పుకి టీచింగ్ హాస్పిటల్‌కి వెళ్లాను. నొప్పులతో ఉన్నప్పుడు ఎంతమంది లోపల చెయ్యి పెట్టి చూశారో లెక్క తెలియదు. ఒకరు చూసి వెళ్లగానే ఇంకొకరు గ్లవ్స్ వేసుకుని వచ్చేవాళ్లు. కొందరు స్టూడెంట్లు. ఎవరూ పేరు చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు. కాళ్లు దగ్గర పెట్టుకుంటే తొడ మీద కొట్టారు. "అప్పుడు గుర్తు రాలేదా" అనే మాట కూడా విన్నాను. ఆ మాట మన లేబర్ రూముల్లో ఎంతమంది విన్నారో విన్నవాళ్లకే తెలుసు. పాప పుట్టాక ఆ బాధ గురించి ఎవరికి చెప్పినా "బిడ్డ క్షేమంగా ఉంది కదా" అన్నారు.

రెండో కాన్పుకి వేరే చోటికి వెళ్లాను. అక్కడ మా అత్తమ్మని లోపల ఉండనిచ్చారు. ప్రతిసారీ డాక్టరమ్మ "ఇప్పుడు ఎంత తెరుచుకుందో చూస్తాను, చూడనా?" అని అడిగేది. నొప్పి వచ్చే టైములో ఆగేది. పరీక్ష అదే, నొప్పి కూడా అంతే. కానీ నాకు మొదటిసారి లాగా అవమానం అనిపించలేదు.

కోనసీమ_పీహెచ్‌సీ

తల్లీ, మీకు జరిగింది వైద్యం పేరుతో జరిగిన హింస. మీరు తెలుసుకోవాల్సినవి కొన్ని చెబుతాను. నొప్పులు బాగా మొదలయ్యాక, ఏ సమస్యా లేని కాన్పులో లోపలి పరీక్ష నాలుగు గంటలకి ఒకసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాన్పు టైములో ఒక ఆడ తోడును ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. 2017 డిసెంబర్‌లో మొదలైన లక్ష్య కార్యక్రమం వచ్చింది లేబర్ రూముల పరిస్థితి మార్చడానికే: పరదాలు, గౌరవంగా మాట్లాడటం, తోడు. కొన్ని చోట్ల నిజంగా మారింది, కొన్ని చోట్ల గోడ మీద పోస్టర్ వరకే మారింది.

విద్యార్థులు నేర్చుకోవాలి, కాదనను, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ అడిగి నేర్చుకోవచ్చు. అమెరికాలో మత్తులో ఉన్న స్త్రీల మీద అనుమతి లేకుండా విద్యార్థుల చేత లోపలి పరీక్షలు చేయించడం మీద పెద్ద చర్చ జరిగి, 2024 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య శాఖ ముందుగా అనుమతి తీసుకుని తీరాలని ఆస్పత్రులకు చెప్పింది. మన దగ్గర అడిగితే చాలామంది తల్లులు ఒప్పుకుంటారు, ఇది నా అనుభవం. "మా అమ్మాయిలాంటిదే, నేర్చుకోనీ" అంటారు.

హైకోర్టు_వరండా

న్యాయవాదిని. మెహదీపట్నం అక్క గారికీ మిగతావాళ్లకీ చట్టం ఏమంటుందో వీలైనంత సులువుగా చెబుతాను.

డాక్టర్ల నడవడి గురించి భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నిబంధనలు ఉన్నాయి. వృత్తి వల్ల వచ్చిన స్థానాన్ని వాడుకుని పేషెంట్‌తో అనుచితంగా ప్రవర్తించినా, అనుచితమైన సంబంధం పెట్టుకున్నా క్రమశిక్షణ చర్య ఉంటుందని 7.4 నిబంధన చెబుతుంది. ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి అదే నెలలో నిలిపేసింది కాబట్టి 2002 నాటివే నడుస్తున్నాయి. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆరు నెలల్లో తేల్చాలని నిబంధన, ఆచరణలో లాగుతారు, వదలకుండా వెంటపడాలి. అడిగిన 72 గంటల్లో కేసు కాగితాలు ఇవ్వాలి. మీరు చేయాల్సిన మొదటి పని అదే, ఆ కాగితాలు అడగండి. ఏ పరీక్ష చేశారో, ఎందుకు చేశారో అందులో రాసి ఉండాలి.

మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు మరొక స్త్రీ పక్కన ఉండాలని కోరే హక్కు పేషెంట్‌కి ఉందని, ఆ ఏర్పాటు ఆస్పత్రి బాధ్యత అని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో స్పష్టంగా ఉంది. దీన్ని అమలు చేయమని కేంద్రం 2019లో రాష్ట్రాలకు రాసింది. మీ అమ్మగారిని బయటికి పొమ్మన్నప్పుడు "నేను ఇక్కడే ఉంటాను" అనొచ్చు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో ఆస్పత్రులు, నర్సింగ్ హోములు కూడా ఉన్నాయి. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. పది మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న ఆస్పత్రిలో అంతర్గత కమిటీ ఉండాలి, పేషెంట్ కూడా దానికి మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు.

క్రిమినల్ కేసు అంటే భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో బలప్రయోగం. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, మహిళా అధికారి చేత నమోదు చేయించాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. లైంగిక దాడికి గురైన ఆడపిల్లని పరీక్షించాల్సి వస్తే మహిళా డాక్టరే చేయాలని, తల్లిదండ్రులో పాప నమ్మినవాళ్లో పక్కన ఉండాలని ఆ చట్టమే చెబుతుంది.

అత్యాచార బాధితులకు ఏళ్ల తరబడి చేసిన, లోపల రెండు వేళ్లు పెట్టి చూసే "రెండు వేళ్ల పరీక్ష" గురించి కూడా చెప్పాలి. అది స్త్రీ గౌరవాన్ని దెబ్బతీస్తుందని సుప్రీంకోర్టు 2013లోనే అంది. 2022 అక్టోబర్ 31న ఇంకా గట్టిగా, ఎవరు చేసినా తప్పు ప్రవర్తన కింద చూడాలని తీర్పిచ్చింది. తెల్లకోటు వేసుకుని చేసినంత మాత్రాన ప్రతిదీ వైద్యం అయిపోదని కోర్టు ఒప్పుకుంది కాబట్టి నాకు ఆ తీర్పంటే గౌరవం.

సర్జరీ_పీజీ

లాయర్ గారు, నిజంగా కొత్త విషయాలు తెలిశాయి. కానీ అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకుంటాం కదా, అందులో పరీక్షలన్నీ ఉంటాయి కదా? అది సరిపోదా?

హైకోర్టు_వరండా

సరిపోదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పొట్టలోకి గొట్టం పంపి చూసే పరీక్షకి (లాపరోస్కోపీ) ఒప్పుకున్న ఆమెకు మత్తులో ఉండగానే, ఆమె తల్లిని అడిగి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఒక పరీక్షకి ఇచ్చిన అనుమతి ఇంకొక చికిత్సకి అనుమతి కాదని, మైనరు కాని మనిషికి స్పృహ వచ్చేదాకా ఆగగలిగినప్పుడు తల్లి సంతకం చాలదని కోర్టు అంది. అడ్మిషన్ టైములో హడావిడిగా పెట్టించుకున్న సంతకం ఒళ్లంతా రాసిచ్చేసినట్టు కాదు.

లీడ్స్_నుంచి

నేను ఇంగ్లండ్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టర్‌గా, చేస్తున్నాను, మాది అనంతపురం. ఇక్కడ సున్నితమైన భాగాల పరీక్ష ఏదైనా సరే, పేషెంట్ ఆడైనా మగైనా, డాక్టర్ ఆడైనా మగైనా, శిక్షణ ఉన్న మనిషి తోడు కావాలా అని అడగాలి. వద్దంటే వద్దన్నారని రాయాలి. తోడు లేకుండా చేయడం డాక్టర్‌కే ఇష్టం లేకపోతే పేషెంట్‌కి ఆలస్యం నష్టం కాకుండా చూసి వేరే రోజుకి మార్చాలి. బంధువు తోడుగా ఉండొచ్చు గానీ, ఆ బంధువు ఈ తోడు కింద లెక్కకి రాడు. మనవాళ్ల విషయంలో ఇది ఎంత అవసరమో ఇక్కడికి వచ్చాకే అర్థమైంది. తెలుగు ఆడవాళ్లు భర్తతో వస్తారు, నేను ఆమెను అడిగితే జవాబు ఆయన చెబుతాడు. పరీక్షకి ఒప్పుకున్నది ఆమెనా, ఆయనా? అందుకని పరీక్ష ముందు ఒక నిమిషం ఆమెతో ఒంటరిగా, తెలుగులోనే మాట్లాడతాను.

ఇంకో కారణం కూడా ఉంది. అమెరికాలో జిమ్నాస్టిక్స్ పిల్లల డాక్టర్ లారీ నాసర్ కేసు చదివినవాళ్లకి తెలుసు. 2018లో 175 ఏళ్ల దాకా శిక్ష పడింది. తల్లిదండ్రులు అదే గదిలో ఉండగానే, వాళ్లకి కనబడకుండా అడ్డంగా నిలబడి, చికిత్స అని చెప్పి ఆ పిల్లల్ని లైంగికంగా వేధించాడు. ఖమ్మం సిస్టర్ గారు చెప్పిన "నాకు డాక్టర్ చేతులు కనబడాలి" అనే మాట అందుకే చాలా పెద్ద మాట.

మనసు_మాట

నేను సైకియాట్రిస్ట్‌ని. నా గదిలో స్టెతస్కోప్ పని తక్కువ, కానీ హద్దు దాటే అవకాశం అన్ని గదులకంటే ఎక్కువ. ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది మనకి చెబుతారు. ఆ దగ్గరితనాన్ని ప్రేమ అనుకోవడం పేషెంట్ తప్పు కాదు, అది జరుగుతుందని మాకు చదువులోనే చెబుతారు. దాన్ని వాడుకోకుండా ఉండటం పూర్తిగా డాక్టర్ బాధ్యత. "ఆమె కూడా ఇష్టపడింది" అనే వాదన ఇక్కడ చెల్లదు. ప్రాచీన గ్రీకు వైద్యుల హిపోక్రటిస్ ప్రమాణంలోనే, ఏ ఇంటికి వెళ్లినా రోగి మేలు కోసమే వెళ్తానని, ఆడామగా, స్వతంత్రులు బానిసలు ఎవరితోనూ లైంగిక సంబంధం పెట్టుకోనని ఉంది.

హద్దు దాటడం చెయ్యి వేయడంతో మొదలవదు. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం ఇలా మొదలయ్యాయి: ఆఖరి అపాయింట్‌మెంట్ మీకే ఇవ్వడం, ఫీజు వద్దనడం, రాత్రి పదకొండింటికి "ఎలా ఉన్నారు" అని వాట్సాప్, తన ఇంటి కష్టాలు పేషెంట్‌కి చెప్పుకోవడం, "ఇది మన మధ్యే ఉండనీ" అనడం. ఇవి కనబడితే ఆ దారి ఎటు పోతుందో ఆలోచించండి.

ఏడుస్తున్న పేషెంట్ భుజం మీద చెయ్యి వేయాలా అని జూనియర్లు అడుగుతారు. నేను టిష్యూ పెట్టె ముందుకి జరిపి, కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుంటాను. ఒక పెద్దావిడ కొడుకు పోయిన బాధలో నా చెయ్యి పట్టుకుంటే వదిలించుకోను. అదే చిన్నప్పుడు వేధింపులకు గురైన అమ్మాయి అయితే, భుజం తట్టడం కూడా ఆమెను ఆ పాత గదిలోకి తీసుకెళ్లగలదు. అందుకే ముట్టుకునే ముందు మనిషిని తెలుసుకోవాలి.

మెహదీపట్నం_అక్క

అందరూ రాసినవి రెండు రోజులుగా చదువుతున్నాం. లాయర్ గారు చెప్పినట్టు కాగితాలు అడిగాం. మొదట లేవన్నారు, నిబంధన పేరు చెప్పి రాసిస్తే ఇచ్చారు. పొట్ట పరీక్ష మాత్రమే రాసి ఉంది, ఛాతీ పరీక్ష గురించి ఒక్క ముక్క లేదు. వేరే లేడీ డాక్టర్‌కి చూపిస్తే అపెండిక్స్ కాదు, యూరిన్ ఇన్ఫెక్షన్ అని మందులిచ్చారు, నొప్పి తగ్గింది. చెల్లి తనే కూర్చుని జరిగింది జరిగినట్టు రాసింది, తేదీ వేసి సంతకం పెట్టింది. వైద్య మండలికి ఇస్తున్నాం. పోలీసుల దగ్గరికి వెళ్లాలా లేదా అనేది చెల్లి నిర్ణయం, తొందర పెట్టడం లేదు. అమ్మ మొదట ఒప్పుకోలేదు. రెండో కాన్పు గారి పోస్టు చదివాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నేనూ వస్తాను" అంది.

సర్జరీ_పీజీ

మీ చెల్లికి ధైర్యం చెప్పండి. కాగితంలో లేని పరీక్షని నేను సమర్థించలేను. ఈ వారం నుంచి మా యూనిట్ ఓపీలో సిస్టర్‌ని తోడు పెట్టుకుని, తోడు ఉన్నవాళ్ల పేరు కేసు షీట్‌లో రాయాలని మా చీఫ్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. డాక్టర్‌కి కూడా అదే రక్షణ.

నల్గొండ_రైతు

అన్నలూ అక్కలూ, మా ఊర్లకు డాక్టర్ అంటే ఆర్‌ఎంపీనే. ఇంజక్షన్ అయినా సెలైన్ అయినా ఇంటికే వచ్చి పెడతడు. ఆయన మీద ఏమన్నా ఉంటే ఈ వైద్య మండలికి చెప్పొచ్చా? మా ఊర్ల ఆడోళ్లు అడగమన్నరు.

హైకోర్టు_వరండా

అన్నా, మంచి ప్రశ్న. వైద్య మండలి దగ్గర రిజిస్టర్ అయినవాళ్ల మీదే అది నడవడి చర్య తీసుకోగలదు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అని పిలిచేవాళ్లలో ఎక్కువమందికి ఆ రిజిస్ట్రేషన్ ఉండదు, కాబట్టి ఆయన లైసెన్సు తీసేయడం అనేదే ఉండదు. ఆడవాళ్లతో తప్పుగా ప్రవర్తిస్తే నేరుగా పోలీసులకి చెప్పాలి, సెక్షన్లు అందరికీ ఒకటే. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, పిల్లల విషయమైతే 1098. అర్హత లేకుండా వైద్యం చేస్తున్నాడని జిల్లా వైద్యాధికారికి విడిగా రాయొచ్చు.

ఖమ్మం_సిస్టర్

అన్నా, ఇంకోటి కూడా చెప్పండి మీ ఊరి ఆడవాళ్లకి. ఇంటికొచ్చి ఇంజక్షన్ ఇస్తే ఎక్కువసార్లు చేతికే ఇవ్వొచ్చు, ఏ మందో బట్టి ఉంటుంది. నడుముకి ఇవ్వాలంటే ఎందుకో అడగమనండి, ఇంట్లో ఇంకో ఆడమనిషి పక్కన ఉండమనండి. మీ ఊరి ఆశా అక్కనీ, ఏఎన్ఎం మేడంనీ పిలిచి ఒకసారి కూర్చోబెట్టండి. వాళ్లకి చెప్పుకోవడం ఆడవాళ్లకి సులువు. ఏఎన్ఎం వచ్చే రోజు తెలిస్తే ఆ రోజే బీపీ, కాన్పు చెకప్‌లు పెట్టుకోవచ్చు.

నల్గొండ_రైతు

సరే అక్కా. వచ్చే బుధవారం ఏఎన్ఎం మేడం టీకాలకు వస్తది. ఆ రోజే అంగన్‌వాడీ కాడ అందర్నీ కూసోబెడతం.